పందుంపుల్ల పద్దు

పసిపిల్లలున్న ఇళ్లలో ఈ మధ్య ఒక ప్రశ్న తరచుగా వినబడుతోంది. "పిల్లవాడు పేస్టు ఉమ్మకుండా మింగేస్తున్నాడు. అందులో ఏవేవో రసాయనాలున్నాయంటున్నారు. పాతకాలంలో మాదిరి వేపపొడో, ఉప్పో, బొగ్గుపొడో వాడితే మంచిది కదా?" అని తల్లులు అడుగుతున్నారు. వీళ్ల అవ్వలు బొగ్గుతో తోముకున్నవాళ్లు. ఆ అవ్వల పిల్లలు బొగ్గు మొరటని పేస్టుకు మారినవాళ్లు. మూడో తరం వచ్చేసరికి బొగ్గుకు మళ్లీ గిరాకీ పుట్టింది. అప్పట్లో పొయ్యిలోంచి ఊరకే వచ్చేది, ఇప్పుడు అందమైన డబ్బాలో డబ్బులకు వస్తోంది.

నేను దంతవైద్యుణ్ణి కాను. బి.కాం. చదివి, ముప్పై ఏళ్లుగా బ్యాంకులో పద్దులు చూస్తున్నవాణ్ణి. పద్దు తెరిస్తే జమ ఎంత, ఖర్చు ఎంత అని రెండు వైపులా చూడటం మా వృత్తిలో అలవాటు. పందుంపుల్ల పద్దును కూడా అలాగే చూద్దామని ఈ వ్యాసం.

ముందుగా మాట సంగతి. మాది హోసూరు. మా ఇంట్లో అవ్వ 'యాపపుల్ల' అనేది. బదిలీ మీద బరంపురం వెళ్లినప్పుడు అక్కడి తెలుగువాళ్ల నోట 'పందుంపుల్ల' అన్న మాట విన్నాను. పక్కింటి ఒడియావారు దాన్నే 'దాంతకాఠి' అనేవారు. షోలాపూరులో నేత పనివారి ఇళ్లలో 'పండ్లపుల్ల' తెలుగుగానే నిలిచింది గాని, పొడి మాత్రం 'మంజన్' అయిపోయింది. మైసూరు వైపు అది 'హల్లుపుడి', మదురై వైపు 'పల్‌పొడి'. చుట్టూ ఏ భాష ఉంటే పొడికి ఆ పేరు అబ్బింది. పుల్ల మాత్రం చాలా ఇళ్లలో తెలుగు పేరుతోనే మిగిలింది. పుల్ల పెరటి చెట్టుది, పొడి అంగడిది. ఇంట్లో దొరికేదానికి ఇంటి మాట, కొనుక్కునేదానికి బజారు మాట వచ్చాయని నేను అనుకుంటాను.

పుల్ల చరిత్ర చిన్నది కాదు. సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో దీనికి కొలతలే ఉన్నాయి. పన్నెండు అంగుళాల పొడవు, చిటికెన వేలంత లావు ఉండాలి. ముడులు, పుచ్చు ఉండకూడదు. ఇక్కడ అంగుళమంటే వేలి వెడల్పు, మన టేపు మీది అంగుళం కాదు. రుచిని బట్టి చెట్లను విడదీసి, చేదులో వేప, వగరులో చండ్ర, తీపిలో ఇప్ప, కారంలో కానుగ శ్రేష్ఠమన్నారు. అంటే వేప ఒక్కటే అని ఎవరూ అనలేదు, మనిషిని బట్టి చెట్టు. అదే చోట శొంఠి, పిప్పళ్లు, మిరియాల పొడిని తేనెతోను, సైంధవ లవణాన్ని నూనెతోను కలిపి, మెత్తటి కుంచెతో, చిగుళ్లకు దెబ్బ తగలకుండా, ఒక్కొక్క పన్నే తోముకోవాలని కూడా ఉంది. నోటిపూత, గొంతు జబ్బులు ఉన్నవారు పుల్ల వాడవద్దన్న హెచ్చరికా ఉంది. పుల్ల, పొడి, కుంచె, హెచ్చరిక అన్నీ ఆ పాత గ్రంథంలోనే ఉన్నాయి. పొడి నిన్నమొన్నటి వ్యాపారుల కల్పన అనుకోనక్కర్లేదు.

మన పిల్లల విషయానికి ఒక విదేశీయుడి సాక్ష్యం ఉంది. 671లో చైనా నుంచి బయలుదేరి, నలందాలో పదేళ్ల పాటు చదువుకున్న ఇత్సింగ్ అనే బౌద్ధ భిక్షువు, తాను చూసిన ఆచారాలను రాస్తూ పళ్లపుల్లకు ఒక ప్రకరణమే కేటాయించాడు. ఒక కొన నమిలి కుంచెలా చేసుకోవడం, తోముకున్నాక పుల్లను చీల్చి వంచి నాలుక గీసుకోవడం అన్నీ వివరించాడు. ఇది భిక్షువుల నియమం మాత్రమే కాదనీ, ఈ దేశంలో గృహస్థులకూ నిత్యకృత్యమేననీ, మూడేళ్ల పిల్లలకే దీన్ని నేర్పుతారనీ రాశాడు. నాకు ఇందులో ముఖ్యంగా తోచింది పుల్ల కాదు, నేర్పడం. మూడేళ్ల బిడ్డకు పుల్ల నమలడం దానంతటది రాదు. పక్కన ఒక పెద్దమనిషి కూర్చోవాలి, చూపాలి, ఉమ్మించాలి. ఈ మాట చివర్లో మళ్లీ పనికొస్తుంది.

అయితే గ్రంథాల్లో ఉన్నదే ఊరంతా చేసిందనుకుంటే పొరపాటు. వేపచెట్టు వాకిట్లో ఉన్నా, రోజూ పుల్ల విరుచుకునే తీరిక అందరికీ ఉండేది కాదు. పొయ్యిలో దొరికేది చేతికి వచ్చేది. యానాం, కోనసీమ వైపు పిడక కాల్చిన కచ్చిక. వరి పండే చోట ఊక కాల్చిన బొగ్గు. మరికొన్ని చోట్ల కట్టెబొగ్గు, ఉప్పు, చివరికి ఇటుకపొడి. ఇవన్నీ మురికిని గీకి తీస్తాయి, అందులో అనుమానం లేదు. కాని ఏది గీకుతుంది, ఏది అరగదీస్తుంది అన్నది వేరే లెక్క. వరి ఊక బూడిదలో అత్యధిక భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. ఇటుకపొడి సంగతి చెప్పనే అక్కర్లేదు. పంటి మీద తెల్లని గట్టి పొర, ఎనామెల్, ఒకసారి అరిగితే మళ్లీ పుట్టదు. పాలపళ్ల మీద ఆ పొర పెద్దవాళ్ల పళ్ల మీదకంటే పలచన. ఆ తరం పెద్దల్లో కొందరు చల్లనీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటాయని అనడం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

తమిళంలో ఒక సామెత ఉంది. మర్రి, తుమ్మ పంటికి బలం, 'నాలుగు', 'రెండు' మాటకు బలం అని దాని భావం. నాలుగంటే నాలుగు పాదాల పద్యాల నాలడియార్, రెండంటే రెండు పాదాల తిరుక్కురళ్. మా హోసూరు బడిలో తమిళ అయ్యవారు దీన్ని చెప్పేవారు. మర్రి ఊడ, తుమ్మపుల్ల రెండూ వగరు. వగరు చిగుళ్లను బిగిస్తుందని వాళ్ల అనుభవం. ఆ తుమ్మ తర్వాతి కాలంలో ఎక్కడికి చేరిందో కాసేపట్లో చెబుతాను.

ఇక వ్యాపారం సంగతి. ఇంట్లోని పొడి అంగట్లోకి ఎక్కడం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఊపందుకుంది. మైసూరు దగ్గర నంజనగూడులో బి.వి. పండితులు 1913లో సద్వైద్యశాల స్థాపించారు. కన్నడదేశంలో 'నంజనగూడు హల్లుపుడి' అంటే తెలియని పాతతరం ఇల్లు ఉండదు. అక్కడి తెలుగు ఇళ్లలోనూ అంతే. 1916లో కలకత్తాలో పుట్టిన కలకత్తా కెమికల్ కంపెనీ, వేపతో మార్గో సబ్బునూ, వేప పేస్టునూ తెచ్చింది. అవి స్వదేశీ ఉద్యమపు రోజులు. వేపను గొట్టంలో పెట్టడం ఆనాడు దేశభక్తిలో భాగం.

గొట్టం మాత్రం బయటి నుంచే వచ్చింది. అమెరికాలో కోల్గేట్ కంపెనీ 1873లో పేస్టును జాడీల్లో అమ్మి, 1896లో పిండే గొట్టంలోకి మార్చింది. ఇంటిల్లిపాదీ ఒకే జాడీలో బ్రష్షులు ముంచే ఇబ్బంది దాంతో తీరింది. నైలాను కుచ్చు బ్రష్షు 1938లో అక్కడే బజారుకు వచ్చింది. దానికి ముందు బ్రష్షుల్లో పంది వెంట్రుకలు వాడేవారు. మన ఆచారపరుల ఇళ్లలో బ్రష్షు ఆలస్యంగా అడుగుపెట్టడానికి అదీ ఒక కారణమై ఉంటుందని నా ఊహ. కోల్గేట్ మన దేశంలో కంపెనీగా నమోదైంది 1937లో.

ఈ వ్యాపారం సాగుతున్న రోజుల్లోనే, 1930లో, ఎరవాడ జైలులో గాంధీజీకి తోడుగా ఉన్న కాకా కాలేల్కర్ ఒక సంగతి రాశారు. ఆయన రోజూ గాంధీజీకి వేపపుల్ల కొన దంచి కుంచెగా చేసి ఇచ్చేవారు. వాడిన కొన కోసేసి, మిగిలిన పుల్లనే మర్నాడు వాడదామన్నారు గాంధీజీ. ఇక్కడ వేపకు కొదవ లేదు కదా అంటే, కొదవ లేనంత మాత్రాన పారేసే హక్కు మనకు లేదని ఆయన భావం. పుల్ల ఎండి పనికిరాకుండా పోయేదాకా దాన్నే వాడారట. సుశ్రుతుడి పన్నెండు అంగుళాల కొలతకు ఇంతకంటే మంచి వినియోగం నాకు కనబడలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో బొంబాయిలో కేశవ్ విష్ణు పెంఢార్కర్ విక్కో సంస్థ ప్రారంభించి, మూలికల పళ్లపొడిని వజ్రదంతి పేరుతో అమ్మారు. మొదట ఇంటింటికీ తిరిగి అమ్మిన ఆ పొడి తర్వాత సినిమా హాళ్లలో ప్రకటనగా దేశమంతటికీ తెలిసింది. ఇక్కడి నుంచి కథ నాబోటి లెక్కల మనిషికి మరీ ఆసక్తికరం. ఎందుకంటే పళ్లపొడి మందా, అలంకార సామగ్రా అన్న ప్రశ్న న్యాయస్థానాల గడప ఎక్కింది. మందైతే ఎక్సైజు సుంకం ఒక రకం, అలంకార సామగ్రి అయితే మరో రకం.

బైద్యనాథ్ వారి ఎర్ర దంతమంజనం విషయంలో 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జనం దీన్ని వైద్యుడు రాసిస్తే కొంటున్నారా, రోజూ పళ్లు తోముకోవడానికి కొంటున్నారా? రోజూ తోముకోవడానికే. కాబట్టి శాస్త్రగ్రంథంలో పేరున్న దినుసులున్నా ఇది మందు కాదంది. 2009లో అదే సంస్థ వ్యవహారంలో అదే మాట మళ్లీ అంది. ఈ రెంటి నడుమ 2004 చివర్లో విక్కో వజ్రదంతి వ్యాజ్యం తేలింది. అక్కడ కోర్టు సుంకం శాఖ వాదన కొట్టేసింది, వజ్రదంతి ఆయుర్వేద ఔషధంగానే నిలిచింది. ఒక పొడి మందు కాదు, ఇంకొకటి మందు. రెండు వ్యాజ్యాల పూర్వాపరాలు వేరు కనుక చట్టం దృష్టిలో రెండూ సబబే. మనం గ్రహించవలసింది ఒకటుంది. డబ్బా మీద 'ఆయుర్వేద' అన్న మాట చూసి తల్లి ఒక అర్థం చేసుకుంటుంది, సుంకం అధికారి ఇంకో అర్థం చేసుకుంటాడు. రెండింటిలో ఏదీ బిడ్డ పంటికి అది ఎంత మేలు చేస్తుందో చెప్పదు.

పన్నుల మాట వచ్చింది గనుక ఇదీ చెప్పి ముగిస్తాను. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చినప్పుడు పేస్టుకు 18 శాతం, పళ్లపొడికి 12 శాతం పన్ను ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి రెండింటికీ 5 శాతమే. ఇన్నాళ్లకు పొడి, పేస్టు ఒకే వరుసలో కూర్చున్నాయి.

ఇందాక చెప్పిన తుమ్మ సంగతి. బల్సారా అనే కంపెనీ తుమ్మ పేరుతో 'బబూల్' పేస్టునూ, మిస్వాక్ పుల్ల పేరుతో 'మెస్వాక్' పేస్టునూ అమ్మేది. 2005లో డాబర్ సంస్థ 143 కోట్ల రూపాయలకు బల్సారా వ్యాపారాన్ని కొన్నది. 2016లో కోల్గేట్ కూడా వేదశక్తి పేరుతో మూలికల పేస్టు తెచ్చింది. బొగ్గు, ఉప్పు మొరటని ఒకప్పుడు చెప్పిన ప్రకటనల లోకమే ఇప్పుడు బొగ్గు పేస్టు, ఉప్పు పేస్టు అమ్ముతోంది. కనుక 'సహజం' ఒక వైపు, 'వ్యాపారం' ఇంకో వైపు అని గీత గీయడం కుదరదు. నూరేళ్లుగా సహజమే మంచి వ్యాపారం. షోలాపూరులో ఉండగా పళ్లపొడి కుటీర పరిశ్రమ పెట్టుకుంటానని ఒకాయన అప్పు కోసం వచ్చారు. దినుసుల జాబితాలో వేప బెరడు, లవంగం, మిరియాలు, కర్పూరం అన్నీ ఉన్నాయి. ఖర్చుల కాగితం చూస్తే బరువులో ఎక్కువ సుద్దపొడి, ఖరీదులో ఎక్కువ డబ్బా. ఆయన మోసగాడు కాదు, తీసుకున్న అప్పు వాయిదా తప్పకుండా తీర్చారు. సుద్ద కూడా చెడ్డది కాదు, పేస్టుల్లోనూ ఉండేదే. కాని కొనేవారు వేపను చూసి కొంటారు.

ఈ పద్దులో ఎర్ర సిరాతో రాయవలసిన ఖర్చు ఒకటుంది. అది పొగాకు. ఒడిశాలో పొగాకును బెల్లపు పాకంతో కలిపి చేసే 'గుడాఖు' ముద్దతో పళ్లు తోముకోవడం ఉంది. మహారాష్ట్రలో వేయించిన పొగాకు పొడి 'మిశ్రీ' అలవాటు ముఖ్యంగా ఆడవాళ్లలో ఉంది. ఆ రెండు రాష్ట్రాల్లో మన తెలుగువాళ్ల ఇళ్లలోనూ వీటిని చూశాను. పంటి నొప్పికి మంచిదని మొదలుపెడతారు, మొదలుపెట్టాక మానలేరు. పెద్దవాళ్లు తోముకుంటుంటే పక్కన కూర్చున్న పిల్లల వేలికీ కాస్త అంటుతుంది. కేంద్ర ప్రభుత్వం 1992లో పేస్టుల్లోనూ పళ్లపొడుల్లోనూ పొగాకు వాడకాన్ని నిషేధించింది. 1997లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. అయినా విడిగా కొనుక్కునే అలవాటు చాలాచోట్ల పోలేదు. పొగాకు కూడా మొక్కే. సహజమన్న మాట ఒక్కటే చాలదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కర్పూరం, లవంగనూనె కూడా చిన్నపిల్లల నోట మోతాదు మించితే విషాలే. వేపనూనె పసిబిడ్డల కడుపులోకి పోతే ప్రాణం మీదికి వస్తుందని వైద్యులు నమోదు చేసి ఉన్నారు. నమిలి ఉమ్మే వేపపుల్ల వేరు, తాగించే వేపనూనె వేరు.

ఇక తల్లులను భయపెడుతున్న ఫ్లోరైడు. ఈ మాట తెలుగువాళ్లకు కొత్త కాదు. కోల్గేట్ ఇక్కడ నమోదైన 1937లోనే, మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయన సహచరులు కలిసి, ఆనాటి నెల్లూరు జిల్లా గ్రామాల్లో ప్రజల పళ్లు గారపట్టి, ఎముకలు వంగిపోవడానికి బావినీళ్లలోని ఫ్లోరైడే కారణమని ప్రకటించారు. తర్వాత నల్లగొండ పేరు ఈ బాధకే గుర్తుగా మారింది. పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని 1970లలో నాగపూరులోని నీరి సంస్థ రూపొందిస్తే, దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు పడింది. మా కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లోనూ ఇదే బాధ. కావేరి నీళ్లు తెచ్చే హొగెనకల్ తాగునీటి పథకం 2013లో ప్రారంభమైంది, దాని పేరులోనే ఫ్లోరోసిస్ నివారణ అని ఉంది.

విచిత్రమేమిటంటే, అదే ఫ్లోరైడు కొద్ది మోతాదులో పంటి పైపొరకు తగిలితే పుచ్చును ఆపుతుంది. 1945లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ పట్నంలో కొళాయి నీళ్లలో కలిపి చూశారు, 1950లలో పేస్టులో చేర్చారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లోరైడు పేస్టును అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన చట్టం ప్రకారం పేస్టులో పది లక్షల పాళ్లకు వెయ్యి పాళ్లకు మించి ఫ్లోరైడు ఉండకూడదు, ఎంత ఉందో గొట్టం మీద రాయాలి. మన గ్రామాల్లో వెన్ను వంచింది నీళ్లలోని ఫ్లోరైడు, రోజూ లీటర్ల కొద్దీ ఏళ్ల తరబడి కడుపులోకి పోయినది. పేస్టులోది పంటికి తగిలి ఉమ్మేయవలసినది. ఉప్పు కూరలో చిటికెడు వేస్తే రుచి, గుప్పెడు వేస్తే పారబోయాలి. ఇదీ అంతే.

కాబట్టి జమాఖర్చులు ఇలా తేలుతున్నాయి. వేప, కానుగ, తుమ్మ పుల్లలు జమ వైపే. నార మురికిని తుడుస్తుంది, చేదు, వగరు నోటిలోని క్రిములను కొంత అదుపులో పెడతాయి, ఖర్చు లేదు. కాని పుల్లలో ఫ్లోరైడు లేదు. దవడ వెనక పళ్ల లోపలి వైపు అది సరిగా చేరదు. పాలపళ్ల పసివాడికి అది గుచ్చుకునే ప్రమాదమూ ఉంది. ఉప్పునీళ్లు పుక్కిలించడం జమ, ఉప్పు రాళ్లతో రుద్దడం ఖర్చు. ఇటుకపొడి, ఊకబూడిద, గరుకు బొగ్గు ఖర్చు. పొగాకు నష్టం కింద కొట్టేయవలసిన పద్దు. పేస్టు జమే, మోతాదు తెలిస్తే. మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలని దంతవైద్యులు చెబుతున్నారు. ప్రకటనల్లో బ్రష్షు పొడవునా అలలా పిండేది అమ్మకం పెంచడానికి. నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువున్న ఊళ్లవారు మాత్రం వైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోవాలి. తియ్యటి బిస్కెట్టు నోట్లో పెట్టుకుని నిద్రపోయే బిడ్డకు పుల్లా సాయం చేయలేదు, పేస్టూ చేయలేదు.

పాలపళ్లు ఎలాగూ ఊడిపోతాయి కదా అని నిర్లక్ష్యం చేసేవారున్నారు. ఆ ఇరవై పళ్లు రాబోయే పళ్లకు చోటు కాపాడే కాపలాదార్లు. ఆరేళ్లకు దవడ వెనక వచ్చే పెద్దపన్ను ఊడే పన్ను కాదు, జన్మాంతం ఉండవలసినది. అది వచ్చిన సంగతి చాలా ఇళ్లలో గమనించరు, పాలపన్నే అనుకుంటారు.

ఇత్సింగ్ మాట ఇక్కడ పనికొస్తుంది. పదమూడు వందల ఏళ్ల నాడు మూడేళ్ల బిడ్డకు పుల్ల ఇచ్చి ఊరుకోలేదు, నేర్పారు. పాతకాలపు పళ్ల రహస్యం చేదులో ఎంత ఉందో, పక్కన కూర్చున్న పెద్దల ఓపికలో అంతకంటే ఎక్కువ ఉంది. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా ఉదయం ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి రెండేసి నిమిషాలు పెద్దలే తోమాలి, కనీసం దగ్గరుండి చూడాలి. ఆ నాలుగు నిమిషాలు ఏ కంపెనీ డబ్బాలో పెట్టి అమ్మలేదు.

సెలవుల్లో పిల్లలను ఊరికి తీసుకువెళ్లినప్పుడు, కాస్త ఎదిగినవాళ్లకు లేత వేపపుల్ల ఒకటి విరిచి ఇవ్వండి. చేదుకు ముఖం చిట్లిస్తారు, ఫరవాలేదు. దాని పేరు మాత్రం తెలుగులో చెప్పండి. మీ ఇంట్లో దాన్ని యాపపుల్ల అంటారో, పండ్లపుల్ల అంటారో, పందుంపుల్ల అంటారో, ఇంకేమైనా అంటారో ఈ పత్రికకు ఒక కార్డు ముక్క రాస్తే, ఆ మాటలన్నీ ఒక చోట చేరతాయి.